ఆబిద్ అలీ సాబ్ పేరు మీద మర్సియా ఇక చాలు

2025 మార్చి 12న, రంజాన్ నెలలో, సయ్యద్ ఆబిద్ అలీ సాబ్ కాలిఫోర్నియాలో ఇంతెకాల్ అయ్యారు. వయసు 83. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌కు ఆడి, హిందూస్తాన్ తరఫున 29 టెస్టులు ఆడిన మనిషి. ఆ ఖబర్ వచ్చినప్పటి నుంచి మన గ్రూపుల్లో ఆయన పేరు మీద రెండు రకాల మాటలు తిరుగుతున్నాయి. ఒకటి ఫఖ్ర్: మన కౌమ్ ఇచ్చిన హీరోలు అంటూ ఒక ఫెహ్‌రిస్త్, అందులో పదో పన్నెండో పేర్లు, మధ్యలో ఎక్కడో ఆబిద్ అలీ. రెండోది షిక్వా: మనవాడు కాబట్టే తొక్కేశారు, కెరియర్ ఖతం చేశారు.

ఈ రెండు మాటలూ మర్హూమ్‌కు ఇన్సాఫ్ చేయవు. ఫఖ్ర్ చెప్పుకునేవాళ్లకు ఆయన ఏం చేశారో తెలియదు. షిక్వా చేసేవాళ్లకు తెలుసుకోవాలనే ఇరాదా కూడా లేదు. ఇద్దరికీ కావాల్సింది పేరొక్కటే. ఇందులో నష్టపోయేది ఆయన కాదు. ఆయన హిసాబ్ అల్లాహ్ దగ్గర. నష్టపోయేది మన ఇళ్లల్లో ఉన్న పదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలు. ఎలాగో చెబుతాను, కాస్త సబర్‌తో చదవండి.

ముందు ఆయన ఏం చేశారో చూద్దాం. లెక్కల పుస్తకం తెరిస్తే 29 టెస్టుల్లో 1018 పరుగులు, సగటు 20.36. వికెట్లు 47, సగటు 42.12. ఈ అంకెలు చూసి మామూలు ఆటగాడేలే అని పుస్తకం మూసేసేవాళ్లు ఉంటారు. ఆల్‌రౌండర్‌కు జరిగే జుల్మ్ ఇదే. బ్యాట్స్‌మన్‌ను సెంచరీలతో తూస్తారు, బౌలర్‌ను వికెట్లతో తూస్తారు. అన్ని పనులూ చేసేవాడిని మాత్రం రెండు తరాజుల్లోనూ విడివిడిగా పెట్టి, రెండింట్లోనూ తక్కువే ఉన్నాడంటారు. మన ఇళ్లల్లో అమ్మీకి జరిగేది కూడా అదే కదా. వంట ఆమెదే, కుట్టు ఆమెదే, పిల్లల చదువు ఆమెదే, బీమారొస్తే తీమార్‌దారీ ఆమెదే. ఆమె ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం ‘ఏం లేదు, ఇంట్లోనే ఉంటుంది’ అంటాం.

ఆ 47 వికెట్ల వెనక సంగతి వినండి. అప్పటి హిందూస్తాన్ టీమ్ అంటే స్పిన్నర్ల టీమ్. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్. కొత్త బంతి మెరుపు పోయేదాకా నాలుగైదు ఓవర్లు వేసి, బంతిని వాళ్ల చేతిలో పెట్టడం ఆబిద్ అలీ డ్యూటీ. దర్వాజా తెరిచి పక్కకు నిలబడే పని. బంతి ఇచ్చేసిన తర్వాత ఆయన బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా వచ్చి నిలబడేవారు. హెల్మెట్ లేని రోజులవి. సోల్కర్, వాడేకర్, వెంకటరాఘవన్, ఆబిద్ అలీ, ఈ నలుగురూ బ్యాట్ చుట్టూ కాపు కాయకపోతే ఆ స్పిన్నర్ల వికెట్లు సగం గాలిలో కలిసిపోయేవి. పట్టిన క్యాచ్ స్కోరు కార్డులో ఒక ముక్కగా మిగులుతుంది. వికెట్ బౌలర్ ఖాతాలోకి వెళుతుంది.

అలాగని ఆయన పక్కన నిలబడే మనిషి మాత్రమే కాదు. 1967 డిసెంబర్‌లో అడిలైడ్‌లో మొదటి టెస్టు. కెప్టెన్ పటౌడీకి గాయమైతే ఆ ఖాళీలో దొరికిన మౌకా. మొదటి ఇన్నింగ్స్‌లో 55 పరుగులకు 6 వికెట్లు. మొదటి టెస్టు ఆడుతున్న హిందూస్తానీ బౌలర్ అప్పటిదాకా అంత బాగా వేసింది లేదు. బ్యాటింగ్‌లో రెండుసార్లూ 33. తర్వాత బ్రిస్బేన్‌లో ఓపెనర్‌గా వెళ్లమంటే వెళ్లారు, 47 కొట్టారు. సిడ్నీలో 78, 81. ఆ సిరీస్‌లో నాలుగు టెస్టులూ ఓడిపోయాం. ఓడిన టీమ్‌లో నిలబడి ఆడినవాడిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

సరే, గెలిచిన టీమ్ సంగతే చూద్దాం. 1971. హిందూస్తాన్ క్రికెట్ తలెత్తుకున్న సాల్. ఆ ఏడాది వెస్టిండీస్ వెళ్లిన జట్టులో హైదరాబాదీలు ఐదుగురు: జైసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, జయంతీలాల్, గోవిందరాజ్. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో రెండో టెస్టు. మ్యాచ్ మొదటి బంతికే రాయ్ ఫ్రెడరిక్స్‌ను బౌల్డ్ చేసింది ఆబిద్ అలీ. ఆఖర్లో వెస్టిండీస్ మీద మన తొలి గెలుపు పరుగులు వచ్చినప్పుడు క్రీజులో ఉన్నది 67 పరుగులతో గవాస్కర్, 21 పరుగులతో ఆబిద్ అలీ. ఇద్దరూ నాటౌట్. మొదటి బంతి నుంచి చివరి పరుగు దాకా ఆయన అక్కడే ఉన్నారు.

అదే సాల్ ఇంగ్లండ్‌లో. మాంచెస్టర్‌లో లంచ్ లోపే ఇంగ్లండ్ మొదటి నాలుగు వికెట్లు ఆయనవే. ఆగస్టు 24న ఓవల్‌లో చివరి టెస్టు చివరి రోజు. గెలవడానికి 173 కావాలి. ముందే చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను 101కి పడేశాడు. స్కోరు 170 దగ్గర విశ్వనాథ్ ఔటయ్యాడు. ఇంకో మూడు పరుగులు. ఆబిద్ అలీ వచ్చారు, లక్‌హర్స్ట్ బంతిని స్క్వేర్ కట్ చేశారు, ఫోర్. ఇంగ్లండ్ గడ్డ మీద హిందూస్తాన్ మొదటిసారి టెస్టు గెలిచింది, సిరీస్ కూడా గెలిచింది. ఈ కథ చెప్పే ప్రతివాడూ చంద్రశేఖర్ పేరు చెబుతాడు. చెప్పాలి, హఖ్ ఉంది. కానీ ఆ ఫోర్ కొట్టిన చేయి ఎవరిదని మన పిల్లలను అడిగి చూడండి.

ఇదీ ఆయన పని. ఫెహ్‌రిస్త్‌లో పేరు చేర్చేవాళ్లు ఇందులో ఒక్క ముక్కైనా చెప్పారా? చెప్పరు. ఎందుకంటే ఫెహ్‌రిస్త్‌కు పని అక్కర్లేదు, పేరులో ‘అలీ’ ఉంటే చాలు. అవతలివాళ్లు ‘మీవాళ్లు దేశానికి ఏం చేశారు’ అని తానా వేస్తారు, మనం గబగబా పేర్లు ఏరి వాళ్ల ముందు పోస్తాం. అడిగినవాడికి జవాబు చెప్పాలనే తొందరలో, అడిగే హఖ్ వాడికి ఎవరిచ్చారని అడగడం మర్చిపోతాం. ఆబిద్ అలీ ఓవల్‌లో బ్యాట్ పట్టుకుని దిగింది కౌమ్ తరఫున సఫాయీ చెప్పుకోవడానికి కాదు. మూడు పరుగులు కావాలి, దిగారు. ఆయనను మన బేగునాహీకి సబూత్‌గా వాడుకోవడం ఆయన ఇజ్జత్ తగ్గించడమే.

ఇక షిక్వా సంగతి. 1974 డిసెంబర్‌లో వెస్టిండీస్ మీద ఆయన చివరి టెస్టు. 1975లో ఇంగ్లండ్‌లో మొదటి ప్రపంచ కప్ జరిగింది. జూన్ 14న మాంచెస్టర్‌లో న్యూజిలాండ్ మీద మన 230 పరుగుల్లో 70 ఆయనవే, జట్టులో అందరికంటే ఎక్కువ. ఆ తర్వాత ఆయన మళ్లీ హిందూస్తాన్‌కు ఆడలేదు. నిజమే, గుండె కలుక్కుమనే మాట. 70 కొట్టిన మ్యాచే ఆఖరి మ్యాచ్ అయింది.

కానీ దీని మీద ‘ముసల్మాన్ కాబట్టే’ అనే తీర్పు రాసేముందు గవాహీ ఏదీ? ఆయనకు అప్పటికి 33 ఏళ్లు దాటాయి. మదన్‌లాల్, మొహిందర్ అమర్‌నాథ్, ఘావ్రీ వంటి కుర్రాళ్లు వరసలో ఉన్నారు. 1978లో కపిల్ దేవ్ వచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1976 జనవరిలో, సయ్యద్ కిర్మానీ టెస్టుల్లోకి వచ్చి 88 టెస్టులు ఆడారు. సెలెక్టర్లకు అడ్డు పేరే అయితే కిర్మానీ ఎలా ఆడారు? ఆబిద్ అలీకి ఇంకో రెండేళ్లు ఇచ్చి ఉండాల్సిందని వాదించండి, నేనూ మీ పక్కనే కూర్చుంటాను. అది క్రికెట్ బహస్. సబూత్ లేకుండా తఅస్సుబ్ అనడం బహస్ కాదు, ఇల్జామ్.

ఇక్కడ నా మాటను ఎవరూ వక్రం చేయొద్దు. తఅస్సుబ్ లేదని నేను అనడం లేదు. 2021 అక్టోబర్‌లో పాకిస్తాన్ మీద టీమ్ మొత్తం ఓడితే మొహమ్మద్ షమీ ఒక్కడినే గద్దార్ అని తిట్టినవాళ్లను మనం చూశాం. క్రికెట్ మ్యాచ్‌ను మన వఫాదారీకి ఇమ్తెహాన్‌గా మార్చిన తీరును ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే ‘పుట్టుమచ్చ’లో నిలదీశారు. ఆ జఖ్మ్ నిజం. అందుకే అంటున్నాను, నిజమైన జఖ్మ్ ఉన్న కౌమ్ ఝూటా జఖ్మ్ చూపించకూడదు. షమీ మీద జరిగినదాన్ని సబూత్‌తో మాట్లాడొచ్చు, మాట్లాడాలి. ఆబిద్ అలీ విషయంలో సబూత్ లేని మాట అంటే, రేపు సబూత్ ఉన్న మాటను కూడా ఎవరూ నమ్మరు.

దీనికంటే పెద్ద నుక్సాన్ ఇంకొకటుంది. అది ఇంటి లోపల జరుగుతుంది. ‘మనవాళ్లను తీసుకోరు’ అనే మాట ముందు అబ్బా నోట్లో పుడుతుంది, తర్వాత బేటా చెవిలో పడుతుంది. పన్నెండేళ్ల వాడు బాగా ఆడుతుంటే ‘ఎందుకురా, మనకు సెలెక్షన్ రాదు, సిఫారిష్ లేదు’ అని కిట్టు అటకెక్కిస్తాం. వాడిని ఏ సెలెక్టరూ కాదనలేదు. సెలెక్టర్ దాకా మనమే పోనివ్వలేదు. పదేళ్ల తర్వాత ‘మనవాళ్లు ఎవరూ లేరు చూడండి’ అని మళ్లీ షిక్వా. ఈ చక్రం ఎవరు తిప్పుతున్నారు?

ఆబిద్ అలీ నిజంగా ఎలా తయారయ్యారో చూస్తే ఈ షిక్వాకు అసలు జవాబు దొరుకుతుంది. ఆయన సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, ఆల్ సెయింట్స్ హైస్కూల్లో చదివారు. 1956లో హైదరాబాద్ స్కూళ్ల జట్టుకు ఎంపికైంది బ్యాటింగ్ చూసి కాదు, బౌలింగ్ చూసి కాదు, ఫీల్డింగ్ చూసి. ఆ తర్వాత కేరళ మీద 82 కొట్టి, బెస్ట్ ఫీల్డర్ ఇనామ్ కూడా తీసుకున్నారు. కొన్నేళ్లకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ క్రికెట్ టీమ్ పెట్టింది, ఆయనకు ఉద్యోగం ఇచ్చింది. మొదట్లో ఆయన వికెట్ కీపర్, తర్వాత బౌలర్ అయ్యారు. ఇరవై ఏళ్లు నిండకముందే రంజీ జట్టులోకి వచ్చారు. రంజీలో మొదటి సెంచరీ కొట్టింది మాత్రం 1967లో. స్కూల్ జట్టు నుంచి టెస్టు టోపీ దాకా పదకొండేళ్లు.

ఈ పదకొండేళ్లను జాగ్రత్తగా చూడండి. అందులో నాలుగు చీజ్‌లు కనిపిస్తాయి. మైదానం ఉన్న స్కూలు. ఫీల్డింగ్‌ను కూడా హునర్‌గా గుర్తించిన సెలెక్టర్లు. నెలనెలా జీతం ఇచ్చే నౌకరీ. ఎదగడానికి కావాల్సిన టైమ్. సిఫారిష్, కిస్మత్, కౌమ్, ఈ మూడు మాటలూ అవసరం లేకుండానే ఆయన కథ చెప్పేయొచ్చు. మెహనత్ ఆయనది. ఆ మెహనత్ వృథా కాకుండా చూసింది ఈ నాలుగు చీజ్‌లు.

ఇప్పుడు ఒక్కొక్కటి ఏమైందో చూద్దాం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. ఆ బోర్డే లేదు. పేద ఇంటి ఆటగాడికి బ్యాంకు నౌకరీ అంటే దస్తర్‌ఖాన్ మీద రోటీ. అది ఉంటే ఇరవై రెండేళ్ల కుర్రాడు ఇంకో నాలుగేళ్లు నెట్స్‌కు వెళతాడు. లేకపోతే మొబైల్ దుకాణంలో కూర్చుంటాడు, లేదంటే గల్ఫ్ వీసా వెతుక్కుంటాడు. వాడిని ఏ తఅస్సుబూ ఆపలేదు, ఇంటి కిరాయి ఆపింది.

సెలెక్షన్ సంగతి? హైదరాబాద్ క్రికెట్ సంఘం గొడవలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2023లో ఆ సంఘం బాధ్యతను మాజీ జడ్జి జస్టిస్ లావు నాగేశ్వరరావుకు కోర్టు అప్పగించాల్సి వచ్చింది. సంఘం చెడితే మన పిల్లలొక్కరే మునగరు. మెదక్ నుంచి వచ్చే రైతు కొడుకు, ఉప్పల్ గల్లీలో ఆడే కూలీ కొడుకు, సిఫారిష్ లేని ప్రతివాడూ మునుగుతాడు. అలాంటప్పుడు మనం ‘ముసల్మానులకు అన్యాయం’ అని ఒంటరిగా ఒక మూల నిలబడితే, అదే అన్యాయం జరిగిన మిగతా తల్లిదండ్రులను పోగొట్టుకుంటాం. వాళ్లతో కలిసి ‘ఎంపిక ఎలా చేశారో లెక్క చూపించండి’ అని అడిగితే గొంతు పదింతలవుతుంది.

ఇక మైదానం. ఇది ప్రభుత్వాన్ని అడగాలి, కాదనను. అడిగేముందు అద్దం చూసుకుందాం. మన మొహల్లాల్లో మనవాళ్లే నడిపే స్కూళ్లు ఎన్ని? వాటిలో మైదానం ఉన్నవి ఎన్ని? మూడంతస్తుల బిల్డింగ్, కింద షటర్లు, పైన క్లాసులు, టెర్రస్ మీద ప్రేయర్. ఫీజు కట్టేటప్పుడు ‘ఇంగ్లిష్ మీడియమా’ అని అడుగుతాం, ‘దీనియాత్ చెబుతారా’ అని అడుగుతాం. రెండూ అడగాల్సినవే. ‘పిల్లలు ఎక్కడ పరిగెత్తుతారు’ అని మాత్రం అడగం. మెహందీకి, సాంచక్‌కు, నికాహ్‌కు, వలీమాకు ఖర్చు పెట్టే కౌమ్‌కు, నాలుగు మొహల్లాలు కలిసి ఒక ఖాళీ జాగా కిరాయికి తీసుకుని వల కట్టడం నిజంగా చేతకాదా? చేతకాదంటే నేను నమ్మను.

కొందరు పెద్దలు అంటారు, ‘ఆటలతో కడుపు నిండదు, తాలీమ్ ముఖ్యం’ అని. ఈ మాటలో సగం నిజం ఉంది. లక్షల మంది ఆడితే ఒకడు టెస్టు ఆడతాడు. పిల్లాడి చదువు మాన్పించి ఐపీఎల్ వేలం మీద జూదం ఆడే తండ్రిని నేను కూడా ఆపుతాను. కానీ ఆబిద్ అలీ కథ చెప్పేది జూదం గురించి కాదు. స్కూలుకు వెళ్తూ ఆడారు, నౌకరీ చేస్తూ ఆడారు. ఆట ఆగిపోయాక అదే హునర్‌తో బతికారు. మాల్దీవులకు కోచింగ్ ఇచ్చారు. 2001-02లో మన ఆంధ్ర రంజీ జట్టుకు కోచ్‌గా ఉన్నారు, ఆ ఏడాది ఆంధ్ర సౌత్ జోన్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. తర్వాత యూఏఈ. కాలిఫోర్నియాలో స్థిరపడి అక్కడి పిల్లలకు కూడా నేర్పారు. తాలీమ్‌కు ఆట దుష్మన్ అని ఎవరన్నారు? ఆయన విషయంలో ఆటే తాలీమ్ అయింది, దాన్ని అమానత్‌లా చేతులు మార్చారు.

ఇప్పుడు సిరాజ్ మాట. 2025 ఆగస్టు 4. అదే ఓవల్. గెలవడానికి ఇంగ్లండ్‌కు 35 పరుగులు, మన చేతిలోకి రావాల్సినవి నాలుగు వికెట్లు. ముందు రోజు బౌండరీ దగ్గర బ్రూక్ క్యాచ్ పట్టి తాడు మీద కాలు వేసింది ఈ సిరాజే. అప్పుడు బ్రూక్ స్కోరు 19, తర్వాత 111 కొట్టాడు. ఇంకొకడైతే ఆ రాత్రికే కుంగిపోయేవాడు. సిరాజ్ పొద్దున్నే వచ్చి ఆ నాలుగులో మూడు వికెట్లు తీశాడు, ఆఖరున అట్కిన్సన్‌ను బౌల్డ్ చేశాడు. హిందూస్తాన్ 6 పరుగులతో గెలిచింది, సిరీస్ 2-2. 1971లో అదే మైదానంలో ఆఖరి ఫోర్ కొట్టింది హైదరాబాదీ. 54 ఏళ్ల తర్వాత ఆఖరి వికెట్ తీసింది కూడా హైదరాబాదీ.

ఈ పోలిక చూసి మళ్లీ ఫెహ్‌రిస్త్‌లో ఒక పేరు పెంచుకుని నిద్రపోవద్దు. ఇద్దరి మధ్య తేడా చూడండి. ఆటో నడిపిన మర్హూమ్ మొహమ్మద్ ఘౌస్ గారి కొడుకు టెన్నిస్ బంతితో గల్లీల్లో ఆడి, కోచింగ్ లేకుండా, సొంత జిద్ద్ మీద వచ్చాడు. 2016-17 రంజీలో 41 వికెట్లు తీస్తే 2017 వేలంలో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు తీసుకుంది. అప్పుడు ఇల్లు తేరుకుంది. ఆబిద్ అలీకి దారి ఉంది, ఆ దారిలో నడిచారు. సిరాజ్‌కు దారి లేదు, గోడ దూకి వచ్చాడు. గోడ దూకినవాడికి సలామ్ కొట్టడం సులువు. దూకలేక అవతలే ఉండిపోయినవాళ్లు ఎంతమందో లెక్క వేసేవాళ్లు లేరు. వేలం ఏడాదికి ఒకరిద్దరిని ఎత్తుకుంటుంది. బ్యాంకు టీమ్, రైల్వే టీమ్, స్కూల్ టీమ్ మాత్రం ఏటా పదుల మందికి నీడ ఇచ్చేవి.

కాబట్టి భాయియో, బెహనో, ఆబిద్ అలీ సాబ్ మీద నిజంగా మొహబ్బత్ ఉంటే చేయాల్సిన పని ఉంది. ఆయన పేరును తానాలకు జవాబుగా వాడకండి. ఆయన పేరు మీద లేని జుల్మ్ కట్టకండి. పిల్లాడికి ఆయన కథ చెప్పండి, కానీ ఓవల్ ఫోర్‌తో మొదలుపెట్టకండి, 1956 ఫీల్డింగ్‌తో మొదలుపెట్టండి. బ్యాట్ ఎవరి చేతికైనా దొరక్కపోవచ్చు, పరిగెత్తి బంతి ఆపే హఖ్ అందరికీ ఉందని చెప్పండి. బేటీకి కూడా చెప్పండి. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ రెండుసార్లు బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయింది. వాళ్ల అబ్బా ‘మనవాళ్లకు రాదు’ అని ఉంటే ఆ రెండు పతకాలూ ఎక్కడుండేవి?

ఈ జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ బయట పది నిమిషాలు నిలబడి ఒక్క సవాల్ మీద మాట్లాడుకోండి. మన మొహల్లా పిల్లలు అసర్ నుంచి మగ్రిబ్ దాకా బంతి ఆడుకోవడానికి జాగా ఎక్కడ ఉంది? లేకపోతే ఎవరి దగ్గర తీసుకుందాం, ఎంత చందా వేసుకుందాం, ఏ కార్పొరేటర్‌కు అర్జీ ఇద్దాం? జవాబు దొరికేదాకా మర్సియా ఎవరూ చదవొద్దు.